వెలుగవలసినప్పుడు వెలుగని దీపము

పాత కారు కొనబోవువాడు మొట్టమొదట చూడవలసినది రంగు కాదు, టైర్లు కాదు, ఇంజను శబ్దమైనను కాదు. తలుపు తీసి కూర్చుండి, తాళపుచెవిని ఇంజను తిరుగుటకు ముందటి మెట్టువఱకు మాత్రము త్రిప్పి, మీటరు బోర్డువంక రెప్పవేయక చూడవలయును. కార్తిక పౌర్ణమినాడు కోనేటిమెట్లపై ప్రమిదలన్నియు ఒక్కమాఱు వెలిగినట్లు అక్కడ ఎఱ్ఱనివి, పసుపుపచ్చనివి దీపములన్నియు వెలుగును. ఇంజను ఆయిలు దీపము, బ్యాటరీ దీపము ఇంజను తిరుగువఱకు నిలుచును. ఏబీఎస్ మొదలగునవి రెండు మూడు క్షణములలో తమ తమ యంత్రాంగము క్షేమముగా నున్నదని పరీక్షించుకొని ఆఱిపోవును. అట్లు వెలిగి ఆఱిన దీపము సత్యవాది. వెలిగి ఆఱనిది ఆపద చెప్పుచున్నది; అదియు సత్యవాదియే. ఇక అసలు వెలుగనే వెలుగని దీపమొకటి యుండును. ఈ నాలుగు మాటలు దానిని గూర్చియే.

నేను మూడవ యజమానిగా కొన్న కారులో అట్టివి రెండుండెను. కొన్ననాడు నాకీ పరీక్ష తెలియదు. తెల్లని కారు, తోలు సీట్లు, పండ్రెండేండ్ల ప్రాయము. "డాక్టరు నడిపిన బండి సార్, గీత కూడ పడలేదు" అని బ్రోకరు ప్రమాణపూర్వకముగా చెప్పెను. (మన కర్నూలు కడప జిల్లాలలో అమ్మకమునకు వచ్చు ప్రతి కారును ఎవరో యొక డాక్టరుదే. ఇందఱు డాక్టర్లు కారులమ్ముకొనుటలో మునిగియుండగా పల్లె ఆసుపత్రులలో వైద్యులు దొరకకుండుటలో వింత యేమున్నది?) నాలుగు నెలలకు మీటరు బోర్డు వెనుక వెలుతురు పోయి రాత్రివేళ వేగము కనబడకుండుటచే కర్నూలులో ఒక ఎలక్ట్రీషియను కుఱ్ఱవానికి చూపితిని. వాడు బోర్డు ఊడదీసి, వెనుక అద్దము తొలగించి, ఒక్క నిమిషము నావంక చూచి నవ్వెను. ఏబీఎస్ అను అక్షరములకు వెనుక శనగగింజంత నల్లని ఇన్సులేషను టేపు, దాని ప్రక్కన జాఱుచున్న కారు బొమ్మకు వెనుక మఱొక ముక్క, గాలియైనను చొరనంత శ్రద్ధగా రెండు పొరలుగా అతికింపబడి యుండెను. గోటితో గీకి తీసి తాళము త్రిప్పినంతనే రెండు పసుపు దీపములును వెలిగినవి. ఇక ఆఱలేదు.

"మామూలే సార్, శానా బండ్లల్లో ఇట్లే ఉంటాది. మళ్లా అతికిచ్చేద్దునా?" అని వాడడిగెను.

నాలుగు నెలలపాటు నోరు కట్టిన సాక్షిని ఎదుట కూర్చుండబెట్టుకొని, భార్యాబిడ్డలతో, నూఱు కిలోమీటర్ల వేగమున, నేను నాలుగు వరుసల రహదారిపై పోవుచుంటినన్నమాట. వాని ప్రశ్నలో దురుద్దేశ మేమియు లేదు. వానికి తెలిసిన వైద్యమది యొక్కటే. ఇంతకంటె ఘనులు కూడ కలరట. వారు టేపు వేయక, ఏబీఎస్ దీపపు తీగను బ్యాటరీ దీపముతో జతకూర్చి, దానితో వెలిగి దానితో ఆఱునట్లు చేయుదురు. కొనువాడు తాళము త్రిప్పిచూచినను మోసపోవును. కావున ఇంజను స్టార్టయిన క్షణముననే ఆ రెండును కూడబలుకుకొన్నట్లు ఆఱినచో అనుమానింపవలయును.

ఈ దీపముల భాష కష్టమైనది కాదు. ఎఱుపు ఆగుమనును, పసుపు చూపించుకొమ్మనును. వలయములో ఆశ్చర్యార్థకముతో వెలుగు ఎఱ్ఱదీపము హ్యాండు బ్రేకు దింపకున్నను వెలుగును, బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము తగ్గినను వెలుగును. మట్టము తగ్గుటకు ప్యాడ్లు అరుగుట ఒక కారణము, ఎక్కడనో కాఱుట మఱొక కారణము; ప్యాడ్లు అరిగినకొలది పిస్టన్లు ముందునకు జరిగి, ఆ ఖాళీలోనికి ఆయిలు దిగును. చక్రము విప్పి చూడకయే డబ్బా నింపి దీపమార్పినవాడు, జ్వరము దించుటకు థర్మామీటరును చన్నీట ముంచినవాడు. పసుపురంగు ఏబీఎస్ దీపము వెలిగినంతమాత్రమున బ్రేకు పోయినదని భయపడ నక్కఱలేదు. మామూలు బ్రేకు ఉండును, దాని వెనుకటి బుద్ధి మాత్రము సెలవుపై పోయినది. ఎఱుపును పసుపును కలిసి వెలిగిన వేళ మాత్రము ముందుచక్రములకు వెనుకచక్రములకు ఒత్తిడి పంచు ఏర్పాటు కూడ చెడియుండవచ్చును గనుక, గట్టిగా తొక్కినచో వెనుకచక్రములు ముందుగా పట్టుకొని కారు బొంగరమగును. అప్పుడు షెడ్డుదాక నడుపుకొనిపోదమన్న సాహసము మాని బండిని ప్రక్కకు దీసి నిలుపుటయే మేలు.

బుద్ధి యంటి గదా, అదేమో చెప్పవలయును. హఠాత్తుగా బ్రేకు తొక్కినప్పుడు చక్రము తిరుగుట మాని రోడ్డుపై ఈడ్చుకొనిపోవుట మొదలిడినచో, స్టీరింగు ఎటు త్రిప్పినను కారు తన దారిన తాను పోవును. ఆ స్తంభనము కలుగకుండ ప్రతి చక్రముకడను ఒక సెన్సారు దాని వేగమును లెక్కించుచుండగా, ఏదేని యొక చక్రము తక్కినవానికంటె మితిమీఱి మందగించినచో, బానెట్టు క్రిందనున్న పెట్టెలోని కవాటములు ఆ చక్రమునకు పోవు ఒత్తిడిని సెకనుకు పలుమాఱులు సడలించి బిగించును. పాదము క్రింద పెడలు టకటక కొట్టుకొనుట దాని పని. బెదరి కాలు తీయరాదు. బాష్ సంస్థ ఈ ఏర్పాటును 1978లో మెర్సిడెస్ పెద్ద కారులో తొలిసారి అమ్మకమునకు తెచ్చెను. దానికి పైమెట్టయిన స్థిరత్వ నియంత్రణము, అనగా కారు ఒరిగి జాఱబోవుచుండగా ఒక్కొక్క చక్రమునకు వేఱువేఱుగా బ్రేకు వేసి దారిలోనికి మఱల్చు విద్య, 1995లో ఆ యిద్దఱి చేతులమీదుగనే వచ్చినది. రెండేండ్లకు స్వీడను దేశములో ఒక పత్రికవారు, అడవినుండి దుప్పి రోడ్డుపైకి దూకినచో తప్పించుకొనుట యెట్లని పరీక్షింపగా, అప్పుడే వచ్చిన మెర్సిడెస్ చిన్నకారు పల్టీకొట్టెను. ఆ పరాభవమువలన ఆ ఖరీదైన విద్య చిన్నకారులకును దిగివచ్చినది. వారికి దుప్పి యెట్లో మనకు బఱ్ఱె అట్లు. పాణ్యము దాటినపిమ్మట సాయంసంధ్యలో రోడ్డుకు అడ్డముగా నడచివచ్చు బఱ్ఱెకు హారను వినబడదు, వినబడినను దానికి లెక్కలేదు.

మన దేశమున క్రొత్త నమూనా కారులకు 2018 ఏప్రిలునుండి, అప్పటికే తయారగుచున్న నమూనాలకు 2019 ఏప్రిలునుండి ఏబీఎస్ విధిగా నుండవలెనని నియమము వచ్చినది. అంతకుమునుపు అది పెట్టి పుట్టినవారి భోగము. ఒకే నమూనాలో పై రకమునకు మాత్రమే యుండెడిది. కనుక నేడు మన సంతలో పది పండ్రెండేండ్ల కారు ఏబీఎస్‌తో దొరకినదనిన, అది ఒకప్పుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఎవరో ముచ్చటపడి ఎక్కువ పెట్టి కొన్నది. అది జాతీయరహదారివెంట కర్నూలునకు దిగివచ్చునప్పటికి యజమానులు మాఱి, దాని జాతకము తెలిసిన షోరూము దూరమై, దీపములు ఒక్కొక్కటి వెలుగుట మొదలిడును.

ఆ సెన్సారులు పుట్టిన దేశపు దుమ్మును మన సీమ దుమ్మును ఒక్కటి కావు. ఎఱ్ఱగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల ప్రక్కన, బేతంచెర్ల నాపరాతి పాలిషింగు యంత్రముల ప్రక్కన నాలుగు దినములు నిలిపిన కారు బూడిద పూసుకొన్న బైరాగివలె నుండును. ఇక కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి వేసవిలో రాయి, వానలో బంక. తడిసిన రేగడిలో చక్రము నాలుగు చుట్లు తిరిగినచో ఆ బంక సస్పెన్షను సందులలో దూఱి, ఎండినపిమ్మట ఇటుకవలె బిగిసి, సన్నని తీగలను లాగి పట్టుకొనును. సెన్సారు కొనకును దాని యెదుట తిరుగు వలయమునకును నడుమ సందు మిల్లీమీటరు మాత్రము. ఆ వలయమునకో సెన్సారు కొనకో అయస్కాంతశక్తి యుండుటచే డిస్కు అరిగిన ఇనుపపొడి వచ్చి మీసమువలె అంటుకొనును. దీనికి తోడు ఇంజను వెచ్చదనము కోరి రాత్రివేళ చేరు ఎలుకలు. వరదనీరు త్రాగిన కారుల సంగతి వేఱు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచిన నాటి అనుభవము గలవారికి చెప్ప నక్కఱలేదు. మునిగిన కారు కడిగి ఆరబెట్టిన మెఱయును గాని, దాని కనెక్టర్లలోని రాగి లోలోన పచ్చబాఱుచుండును, ఏండ్లకు గాని బయటపడదు.

వేడిమిని గూర్చియు ఒక మాట. కడపనుండి రాయచోటి పోవు దారిలో గువ్వలచెరువు కనుమ యున్నది. పైన పాలకోవా దుకాణములు, క్రింద మలుపులు; కోవా తిని దిగువారిలో పలువురు కాలిని బ్రేకుమీదినుండి తీయరు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 రకపు క్రొత్త ఆయిలు కనీసము 230 డిగ్రీలవఱకు మరుగరాదని ప్రమాణము. తేమ పీల్చిన దానికి ఆ హద్దు 155 డిగ్రీలు. కనుమ దిగు కారు బ్రేకులు ఆ వేడిని అందుకొనుట యెంతసేపు? ఆయిలు మరిగి బుడగలైన క్షణమున పెడలు దూదివలె నేలకు దిగును. అప్పుడు ఏ దీపమును ముందుగా హెచ్చరింపదు, ఎంత సత్యవాదియైనను. తక్కువ గేరులో దిగుటయు, రెండేండ్లకొకమాఱు ఆయిలు మార్చుటయు మాత్రమే దానికి మందు. నా కారులోని ఆయిలు తీసినప్పుడు అది కాఫీ డికాషనును పోలియుండెను.

తీసినవాడు కడపలోని ఒక మేస్త్రి. అతనికడకు చేరుటకు ముందు నేను ఒక పెద్ద సర్వీసు సెంటరుకు పోయితిని. పేరు చెప్పను, అన్నియు దాదాపు అట్టివే. ఏసీ గదిలో కాఫీ యిచ్చి, గంట తరువాత కాగితము చేతబెట్టిరి: ఏబీఎస్ పెట్టె మార్చవలయును, అరువదివేలు, పన్ను అదనము. "ఏమి చెడినది?" అని అడిగితిని. "కోడ్ వచ్చింది సార్" అని సమాధానము. ఏ కోడో, అది పెట్టెనే నిందించుచున్నదో, పెట్టెకు వార్తలు మోయు తీగనో చెప్పుటకు ఆ పిల్లవానికి అనుమతి లేదో, తెలియదో! ఇంటికి వచ్చితిని. కడపలోని మా బావమరిది ఫోనులో విని, "బావా, ఆ అరవై వేలు జేబులో పెట్టుకొని ఈడికి రా" అనెను.

షెడ్డు అనగా నాలుగు రేకులు, ఒక వేపచెట్టు. మేస్త్రికి అరువదేండ్లుండును, లుంగీ పైకి కట్టి, కారు చుట్టు ఒకమాఱు తిరిగి, తాళము త్రిప్పి దీపములు చూచి, ముందుగా బ్యాటరీ వోల్టేజి కొలిచెను. నాకాశ్చర్యమైనది. "కరెంటు తక్కువైతే ఈ పెట్టెలు పిచ్చిపిచ్చిగా మాట్లాడతాయి సార్. ముందు అదే చూడల్ల" అనెను. పిమ్మట ఫ్యూజులు. పిమ్మట నాలుగు టైర్ల కొలతలు ఒక్కటియేనా యని వ్రేలితో చదివెను; ఒక చక్రమునకు వేఱు కొలత టైరు వేసినచో అది వేఱు వేగమున తిరుగుటచే పెట్టె దానిని రోగమని భ్రమించునట. ఇంతవఱకు పైసా ఖర్చు లేదు. అప్పుడు ప్రక్క షెడ్డునుండి స్కానరు తెప్పించెను. అది అతనిది కాదు. నలుగురైదుగురు మేస్త్రీలు చందాలు వేసికొని కొన్నది. గంటల లెక్కన వాడుకొందురు.

స్కానరు ఎడమ ముందుచక్రపు సెన్సారు సర్క్యూటు అని చూపెను. ఇక్కడనే నేను నేర్చుకొన్న దొకటి యున్నది. కోడు సెన్సారు పేరు చెప్పినంతమాత్రమున సెన్సారు చెడినదని కాదు. ఆ దారిలో ఎక్కడనో వార్త తెగినదని మాత్రమే దాని భావము. పోస్టుమాన్ రాలేదనిన ఉత్తరము వ్రాయువాడు చచ్చెనని యర్థమా? మేస్త్రి కోడును నమ్మి ఊరకుండలేదు. జాకీ వేసి చక్రము లేపి, కారు న్యూట్రలులో నుంచి, శిష్యుని చక్రము చేతితో త్రిప్పుమని, తాను స్కానరులో నాలుగు చక్రముల వేగములు అంకెలుగా కనబడు పేజీ తెఱచెను. కుడి చక్రము త్రిప్పినప్పుడు 3, 4, 3 అని అంకెలు కదలినవి. ఎడమది త్రిప్పినప్పుడు సున్న. సెన్సారు విప్పి, కొన తుడిచి, దాని మీసము తీసి, మఱల బిగించి త్రిప్పించెను. సున్న. అప్పుడు హబ్బునుండి పైకి పోవు తీగను బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పట్టుకొని, జపమాల త్రిప్పినట్లు అంగుళ మంగుళముగా వంచుచు పైకి పోయెను. ఒకచోట, స్టీరింగు త్రిప్పినప్పుడెల్ల తీగ మడతపడు తావున, అంకె 4 అయ్యెను. వదలగా సున్న. వంచగా 4.

"పైన తోలు బాగుండాది సార్, లోపల రాగి తెగిండాది. పెట్టెకేం కాలే" అని మేస్త్రి చేతులు తుడుచుకొనెను.

శిష్యుడు చక్రము త్రిప్పుచునే యుండెను. నేనును వంగి ఆ చోట తీగను వంచి చూచితిని; అరువదివేల రూపాయల రోగము నా రెండు వ్రేళ్ల నడుమ వచ్చుచు పోవుచు నుండెను. అతుకువేయుమంటిని. మేస్త్రి ఒప్పుకొనలేదు, మడతపడు చోట వేసిన అతుకు ఆఱునెలలు నిలువదు, బ్రేకు విషయములో అతుకుబేరము కూడదు అనెను. తీగతోకూడిన క్రొత్త సెన్సారు హైదరాబాదునుండి బస్సు పార్సిలులో మఱునాటి ఉదయమునకు వచ్చినది. ధర, బిగింపుకూలి, ఆయిలు మార్పు అన్నియు కలిపి నాలుగువేలు దాటలేదు.

ఏబీఎస్ దీపము ఆఱినది. జాఱుచున్న కారు బొమ్మ మాత్రము ఆఱలేదు. చక్రపు సెన్సారు చెడినచో స్థిరత్వపు దీపము కూడ వెలుగుట సహజము, రెంటికిని కన్నులు ఆ నాలుగు సెన్సారులే గనుక. పెక్కుమాఱులు దీపములు మూడు వెలిగినను రోగమొక్కటియే. ఆ బొమ్మ టపటప మిణుకుచున్నచో యంత్రము పనిచేయుచున్నదని, నిలుకడగా వెలిగినచో చెడినదనియో, ఎవరో మీట నొక్కి ఆపిరనియో గ్రహింపవలయును. ఇక్కడ మీట నొక్కలేదు. మేస్త్రి కారెక్కి షెడ్డు ముందటి వీధిలో నూఱు గజములు నడిపి దిగి, "స్టీరింగు ఒక యేలంత వంకరుండాది, చూసుకోలేదా సార్?" అనెను. చూచుకొంటిని గాని పట్టించుకొనలేదు. మునుపెవ్వరో అలైన్‌మెంట్ చేయుచు చక్రములు సరిచేసి స్టీరింగును వంకరగా విడిచిరి. కారు తిన్నగా పోవుచున్నను, స్టీరింగు కోణపు సెన్సారు "యజమాని ఎడమకు త్రిప్పుచున్నాడు" అని వార్త పంపుచుండగా, కారు తిరుగుడును కొలుచు మఱొక సెన్సారు "తిరుగుట లేదే" అని బదులు చెప్పుచుండెను. ఈ జగడము తీర్పలేక పెట్టె దీపము వెలిగించి చేతులెత్తివేసినది. అలైన్‌మెంట్ సరిచేయించి, స్కానరుతో స్టీరింగు సున్నాస్థానమును మఱల నేర్పగా ఆ దీపమును ఆఱినది. కొన్ని కారులకు బ్యాటరీ తీసి పెట్టినంతనే ఈ మఱపు వచ్చును; వానిలో కొన్ని స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పి కొంతదూరము తిన్నగా నడిపినంతనే తమంతట తాము జ్ఞప్తికి తెచ్చుకొనును.

ఇంకను చిన్న కారణములు కలవు: పెడలు పైనుండు బ్రేకులైటు స్విచ్చు చెడినచో కూడ ఈ దీపములు వెలుగవచ్చును. అది చవుక వస్తువు, చేతికందు చోట నుండును. వెనుక లైట్లు వెలుగుచున్నవో లేదో గోడకు ఎదురుగా నిలిపి చూచినచో తెలిసిపోవును. బేరింగు మార్చినప్పుడు అయస్కాంతపు వలయమున్న ముఖమును తలక్రిందులుగా బిగించిన ఘనకార్యములును విన్నాను. పెట్టె నిజముగా చెడుట లేకపోలేదు. అయితే అది పరిశోధనకు చివరి మజిలీ కావలయును గాని మొదటి మజిలీ కారాదు.

నా ఫిర్యాదు ఆ ఎలక్ట్రీషియను కుఱ్ఱవానిపై కాదు, అంతగా ఆ సర్వీసు సెంటరుపై కూడ కాదు. పాత కారు రోగము కనుగొను విద్యకు తాళము వేసి, తాళపుచెవిని కంపెనీ తన మొలత్రాట కట్టుకొన్నందువలన కుఱ్ఱవానికి మిగిలినది టేపుచుట్ట యొక్కటియే. మూడు నాలుగు వందలకు దొరకు చిన్న పరికరమును స్టీరింగు క్రింది సాకెట్టులో గ్రుచ్చినచో సాధారణముగా ఇంజను సంగతులు చెప్పును గాని, ఏబీఎస్ పెట్టెతో మాటాడుటకు దాని భాష వచ్చిన స్కానరు కావలయును. ఆ భాష కంపెనీకొక తీరు. ఇది క్రొత్త ఫిర్యాదు కాదు. భారత పోటీ కమిషను 2014 ఆగస్టు 25న 14 కారు కంపెనీలపై 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించుచు, విడిభాగములను, రోగనిర్ణయ పరికరములను బయటి మెకానిక్కులకు బజారులో దొరకునట్లు చేయవలెనని ఆజ్ఞాపించెను. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మత్తు హక్కుపై ఒక సంఘమును వేసి, ఆ ఏటి డిసెంబరు 24న ఒక పోర్టలును తెఱచినది. అందు సెల్‌ఫోన్లు, ఇంటి సామానులు, వ్యవసాయ పరికరములతోపాటు మోటారువాహనములు కూడ చేర్చబడినవి. మంచిదే. కాని ఢిల్లీలో తెఱచిన పోర్టలుకును కడపలో వేపచెట్టు క్రింద చందాలు వేసికొని స్కానరు కొన్న మేస్త్రికిని నడుమ దారి ఇంకను పడలేదు.

కంపెనీలవారు చెప్పుదానిలో సత్యము లేకపోలేదు. బ్రేకు ప్రాణములతో చెలగాటము. తెలియనివాడు పెట్టె విప్పి, లోపల గాలి చేరనిచ్చి, ఆ గాలిని స్కానరు సహాయముతో తీయవలెనని యెఱుగక కారు నడిపించినచో ఆపద కంపెనీ పేరుమీదికే వచ్చును. ఒప్పుకొందును. కాని దానికి మందు తెలియనివానికి తెలియజెప్పుటయా, తెలియనీయకుండుటయా? తలుపు మూసినంతమాత్రమున మేస్త్రి పని మానడు, చీకటిలో చేయును. ఇంకొక వర్గమువారు కలరు, నా వయసువారే: "నలువదేండ్లు అంబాసిడరు నడిపితిమి, ఏబీఎస్ ఎవడెఱుగును?" అందురు. అంబాసిడరు నడిపిన రోడ్డుపై ఎద్దులబండ్లు పోయెడివి, అంబాసిడరును ఇంచుమించు వానితో సమానముగ పోయెడిది. నేడు నంద్యాలనుండి ఆళ్లగడ్డ దిక్కున పోవు రోడ్డుపై పదునెనిమిదేండ్లవాడు నూటయిరువదిలో పోవుచు మనలను హారనుతో తిట్టును. కంకరపై ఏబీఎస్ గల కారు ఆగుటకు ఒక్కొక్కప్పుడు కొంచెము ఎక్కువ దూరము పట్టునన్న మాట కూడ నిజమే. ఐనను స్టీరింగు మన మాట వినుచుండును, బఱ్ఱెను తప్పించుటకు అది చాలును.

ఇక సర్కారువారి సంగతి. 15 ఏండ్లు నిండిన సొంత కారును మఱల రిజిస్టరు చేయించుకొనుటకు 2022 ఏప్రిలు 1నుండి రుసుము 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగినది. పెంచుట తప్పని నేననను. పాత బండి పదుగురికి అపాయకరమైనచో దానిని జాగ్రత్తగా చూచుటకు ఖర్చగును. కాని నా మిత్రుని కారు పరీక్షకు పోయిననాడు నేను వెంట నుంటిని. ఛాసిస్ నంబరుపై కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసిరి. రంగు, లైట్లు, నంబరు ప్లేటు చూచిరి. పొగ సర్టిఫికెట్టు చూచిరి. తాళము త్రిప్పి మీటరు బోర్డులో ఏ దీపము వెలిగినది, ఏది వెలుగలేదు అని చూచినవారు లేరు. ఆ చూచుటకు పట్టు కాలము అయిదు క్షణములు. రుసుము ఎనిమిదింతలకు పైగా పెరిగినప్పుడు పరీక్ష అయిదు క్షణములు పెరుగుట గొంతెమ్మ కోరిక కాదు. ఆ దీపపరీక్షను నియమములలో వ్రాసి, అనుమానము వచ్చిన కారుకు స్కానరు గ్రుచ్చి చూచుటను అధికారుల పనిలో చేర్చవలయును. కర్నూలు, నంద్యాల, కడప ఐటీఐలలో అన్ని కంపెనీల భాషలు వచ్చిన స్కానరొకటి యుంచి, చుట్టుపట్ల మేస్త్రీలకు సాయంత్రపువేళ అద్దెకు ఇచ్చి నేర్పించినచో, దానికగు ఖర్చు ఆ 5,000లలో కొన్నింటితో తీఱును. టేపు దొరకినచో అమ్మినవానికి జరిమానా వేయవలెనని కూడ నా కోరిక. వాహనపు ఓడోమీటరు వెనుకకు త్రిప్పుట ఎట్టి మోసమో ఇదియు అట్టిదే, పైపెచ్చు ఓడోమీటరువలన ఎవడును చావడు.

మొన్న ఉగాదికి రెండు దినములు ముందు మా వీధి కుఱ్ఱవాడొకడు, క్రొత్తగా ఉద్యోగము వచ్చినవాడు, మెఱుగుపెట్టిన ఎఱ్ఱకారు నొకదానిని ఇంటిముందుకు తెప్పించెను. వెంట బ్రోకరు. కుఱ్ఱవాని జేబులో అడ్వాన్సు రూపాయలు ఎత్తుగా కనబడుచుండెను. "పెద్దనాన్నా, ఒకసారి కూర్చొని చూడు. తిరుపతి డాక్టరు బండంట" అనెను. కూర్చుంటిని. తాళము ఇంజను తిరుగుటకు ముందటి మెట్టుకు త్రిప్పి లెక్కించితిని. ఎయిర్‌బ్యాగు, ఇంజను, బ్యాటరీ, ఆయిలు, ఎఱ్ఱని బ్రేకు దీపము. ఆర్పి మఱల త్రిప్పితిని. ఎయిర్‌బ్యాగు, ఇంజను, బ్యాటరీ, ఆయిలు, బ్రేకు.

"ఎట్లుంది సార్ బండి?" అని బ్రోకరు కిటికీలోనికి వంగెను.

స్క్రూ డ్రైవరున్నదా యని అడిగితిని.